రాణీగారి గుడిలో రెండు గుమ్మాలు

ఏలూరు వెళ్ళకూడదన్న పట్టుదలతో మేము ఏలూరు చుట్టూ తిరిగాం. జంగారెడ్డిగూడెం నుంచి కొల్లేటికి పోవాలంటే ఎవరైనా ఏలూరు బస్సెక్కి, అక్కణ్ణించి కైకలూరు దారి పడతారు. మేము మాత్రం తాడేపల్లిగూడెం, భీమవరం, ఆకివీడు తిరిగి, ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు వెళ్ళాం. కారణం ఒక్కటే. ఏలూరులో కంటి ఆసుపత్రి ఉంది.

నాతో వచ్చింది రత్నమ్మక్క, మా తోడికోడలు. మా బావగారి భార్య, ఇంటికి పెద్దకోడలు. ఎనిమిదో తరగతి చదివింది. మా ఇంట్లో ఉత్తరాలూ శుభలేఖలూ కరెంటు బిల్లులూ ఏళ్ళ తరబడి ఆవిడే చదివి చెప్పేది. ఆవిడ చదివింది మాకు తెలిసేది, చదవనిది లోకంలో లేనట్టే లెక్క. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, పంచాయతీ ఆఫీసు వరండాలో సాయంత్రం క్లాసులో. ఆలస్యంగా వడ్డించిన బంతిలో కూర్చున్నదాన్ని కాబట్టి నాకు ఆకలెక్కువ. లారీల వెనక రాసినవీ, ఎరువుల బస్తాల మీద రాసినవీ, గోడల మీద అంటించినవీ, ఏది కనబడితే అది పైకే చదివేస్తాను. అక్కకి ఇది బొత్తిగా గిట్టదు.

"నోరు మూసుకుని చదువుకోవే చిట్టీ. లారీ వాడు ఆ రాత రాయించుకున్నది నీ కోసం కాదు" అంటుంది.

రెండేళ్ళుగా అక్కకి చూపు తగ్గుతోంది. మా ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు డాక్టరమ్మ పరీక్ష చేసి, "కుడికంటి శుక్లం బాగా ముదిరిపోయిందమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. ఎడమదీ అదే దారిలో ఉంది" అని చెప్పింది. అక్క బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, ఆవిడిచ్చిన చీటీ పొయ్యిలో పెట్టింది. అక్క చిన్నతనంలో వాళ్ళమ్మకి కంటికి కత్తి పెట్టించారట. కన్ను మళ్ళీ తెరవలేదు. ఆ భయం పైకి చెప్పుకోలేక, తనకి అంతా బాగానే కనబడుతోందని నిరూపించుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చుని వార్తలు చదివి వినిపించేది. ఒకరోజు నిన్నటి పేపరు చేతికిచ్చాను. అందులోంచి ఇవాల్టి వార్తలు చదివింది. అన్నీ టీవీలో విన్నవే.

అలాంటప్పుడు ఎవరో చెప్పారు, కొల్లేటి నడుమ రాణమ్మలంకలో రాణమ్మతల్లి అని ఉందని. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చిన్న జమీ ఏలిన రాణీగారట. పోయాక దేవతైందట, కళ్ళకి మంచిదట. అక్క వెంటనే వెండి కళ్ళు చేయించి, కత్తి లేకుండా చూపు రావాలని మొక్కుకుంది. నేను తోడు బయలుదేరాను. దేవత మీద నాకు నమ్మకం ఎంతో చెప్పను. అక్క సంగతి మాత్రం బాగా తెలుసు. మనుషుల మాట వినదు, దేవుడి దగ్గర ఇచ్చిన మాట తప్పదు. ఆ రాణీగారి నోట ఎలాగైనా ఒక్క మంచిమాట పలికించగలిగితే కన్ను దక్కుతుందన్నది నా ఆశ.

తాడేపల్లిగూడెం

మా వైపు గాలికి పొగాకు వాసన. గూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన. ఎర్ర సంచులు కొండల్లా పేర్చిన లారీలు వీధి పొడుగునా నిలబడి ఉన్నాయి. ఇంతటి ఉల్లి ఊళ్ళో హోటలు వాడు పెసరట్టు మీద ఉల్లిపాయలు లెక్కపెట్టి చల్లాడు. అడిగితే, "ఇక్కడి నుంచి ఊళ్ళకి పోతాయండీ, ఇక్కడుండవు" అన్నాడు. అల్లప్పచ్చడి మాత్రం రెండోసారి అడిగినా విసుక్కోలేదు.

బస్టాండులో అక్క ముందు నడిచింది. ఆగి ఉన్న బస్సులన్నిటినీ ఠీవిగా పరికించి ఒకదానికి చెయ్యి చూపించింది.

"భీమవరం బస్సు ఇదే. ఎక్కు."

దాని బోర్డు మీద ఏలూరు అని గుమ్మడికాయంత అక్షరాలు. నేను నోరు మెదపకుండా ఎక్కి కిటికీ పక్కన సర్దుకున్నాను. మనం తప్పించుకు తిరుగుతున్న ఊరు తనంతట తానే వచ్చి ఎక్కించుకుంటుంటే కాదనడానికి నేనెవర్ని. కండక్టరు టీ తాగి తీరిగ్గా వచ్చి ఆధార్ కార్డులు అడిగాడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక మా ముఖాలకంటే కార్డులకే మర్యాద ఎక్కువైంది.

"భీమవరానికి రెండు" అంది అక్క.

"భీమవరం బస్సు ఆ చివరండీ. ఇది భీమడోలు మీదుగా ఏలూరు వెళ్తుందండీ."

అక్క బండి కదలకముందే దిగిపోయింది. దిగాక కండక్టరుకేసి తిరిగి, "మధ్యలో బోర్డులు మార్చేస్తే జనం ఏమైపోవాలండీ" అంది.

"బోర్డు పొద్దుట్నుంచీ అదేనండీ."

అప్పుడు నా మీదికి తిరిగింది. "చదువొచ్చిందని ఊరంతా టముకేశావు కదే. చూసుకోవద్దూ?"

"మీరు చదివాక మళ్ళీ నేను చదవడం ఏం మర్యాదని ఊరుకున్నానక్కా" అన్నాను.

భీమవరం దాకా నాతో మాట్లాడలేదు. దారిలో గోడల మీద ఉన్నవన్నీ నేను హాయిగా పైకి చదువుకున్నాను.

ఆకివీడు

ఆకివీడు వీధుల్లో ఎండాకాలం కూడా నేల తడిగానే ఉంటుందట. చేపల లారీల కింది నుంచి మంచునీళ్ళు కారుతూనే ఉంటాయి. మా మెట్టలో ఎవరైనా ఎదురైతే వాన పడిందా అని అడుగుతారు. ఇక్కడ చెరువెలా ఉందని అడుగుతున్నారు. చెరువంటే ఊరి చెరువు కాదు, ఎవరి రొయ్యల చెరువు వారిదే. మా దగ్గర మబ్బు పడితే పండగ. ఇక్కడ మబ్బు పడితే రొయ్యకి ఊపిరాడదని గట్ల మీదికి పరిగెత్తుతారు.

భాగ్యంగారి భోజన హోటల్లో తిన్నాం. నూట యాభైకి భోజనం, కొర్రమీను పులుసు విడిగా మరో నూట ఇరవై. భాగ్యంగారు వడ్డిస్తూనే గల్లా పెట్టె చూసుకుంటూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ, కూర మాడకుండా లోపలికి కేకలేస్తూ, అన్ని పనులూ నిలబడిన చోటే చేసేస్తోంది. మంచినీళ్ళ టిన్ను మోసుకొచ్చిన మనిషితో బేరమాడి, మావైపు తిరిగి నవ్వింది.

"చుట్టూ నీళ్ళేనండీ. తాగడానికి చుక్క లేదండీ. కొనుక్కోవాల్సిందే."

చేపంటే అక్కకి ప్రాణం. అలాంటిది ఆరోజు, "నాకు పప్పు చాలండీ" అంది. ఎందుకో నాకు అర్థమైంది. ముల్లు కనబడదు. నేను పులుసు తెప్పించి, చిన్న ముల్లు కూడా లేకుండా ఏరి, ముక్కలు ఆవిడ అన్నం పక్కన పెడుతూ వచ్చాను. తింటూ తింటూ, "ఇక్కడి చేపకి ముళ్ళే లేవే" అంది.

"కొల్లేటి జాతక్కా."

రాణమ్మలంకకి వెళ్తున్నామని చెబితే భాగ్యంగారు చేతులు జోడించింది. "ఆ తల్లి పద్ధతులు వేరండీ. కొబ్బరికాయ కొట్టనివ్వదు, కోడిని కోయనివ్వదు. గోరు సందున మట్టి కనిపించిందా, గడప తొక్కనివ్వదు. పూజ కూడా గురువారమేనండీ, శుక్రవారం కాదు."

"అమ్మవారికి గురువారమేంటండీ?" అన్నాను.

"ఏమోనండీ. రాణీగారు కదా, ఆవిడిష్టం."

లంక

మర్నాడు గురువారం. ఆటో చెరువుగట్ల మీదుగా పోయింది. అటూ ఇటూ చెరువుల్లో రొయ్యలకి ఊపిరందించే గాలిచక్రాలు తిరుగుతూ నీళ్ళు చిలుకుతున్నాయి. ఆటో ఆగిన చోట పడవెక్కాం. చెరువులన్నీ వెనక్కి పోయి, ఒక్కసారి అసలు కొల్లేరు వచ్చింది. తూటికాడల మధ్య సన్నటి దారి. గూడకొంగలు సంచి గడ్డాలు వేలాడేసుకుని పెద్దమనుషుల్లా బారులు తీరి కూర్చున్నాయి.

"కొంగలు కనబడుతున్నాయా అక్కా?"

"ఎందుకు కనబడవు. ఎగురుతున్నాయిగా" అంది అక్క. ఒక్కటీ ఎగరడం లేదు.

గుడి అంటే గోపురం లేదు. పెంకుటిల్లు, ఎత్తైన అరుగు, సున్నం వేసిన గోడలు. అరుగు ముందు పోలమ్మగారు నిలబడి ఉంది. గుడి చూసుకునేది ఆవిడే. వలలు పట్టిన చేతులు, నోట్లో చుట్ట ముక్క. నన్నూ అక్కనీ చూసి చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

ముందు కచ్చికల బూడిదతో మోచేతుల దాకా కడుక్కోవాలి. ఆవిడ మా చేతులు తిప్పి తిప్పి చూసింది. అక్కని రెండోసారి కడుక్కోమంది. పుట్టి బుద్ధెరిగాక అక్కకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. తరవాత ఇత్తడి సూది ఒకటి తెచ్చి ఎడమ జబ్బకి ఇలా తాకించి అలా తీసింది. దిష్టి పోతుందట. ఆ తరవాత గ్లాసుతో తీర్థం. నోట్లో పోసుకుంటే గోరువెచ్చగా ఉంది.

"అమ్మ ఉగ్రరూపం కదండీ, అందుకే తీర్థం వేడిగా ఉంటుంది" అని వరసలో నా ముందున్న ఆవిడ చెప్పింది. ఉగ్రం సంగతి నాకు తెలియదు గానీ, పక్కనే పొయ్యి మీద డేగిసాలో నీళ్ళు తెర్లుతున్నాయి. కొల్లేటి నీళ్ళు మరగబెట్టకుండా తాగితే ఏమవుతుందో మా మెట్టవాళ్ళకి కూడా తెలుసు. జబ్బ మీద సూది, మరిగించిన నీళ్ళు, బూడిదతో చేతులు. ఈ పూజ అంతా మా ఊరి నర్సమ్మ చేసినట్టుందేమిటని నాకు లోపల నవ్వొచ్చింది.

అక్క వెండి కళ్ళు తీసి పళ్ళెంలో పెట్టబోయింది. పోలమ్మగారు పళ్ళెం వెనక్కి లాగేసుకుంది.

"రాణీగారు వెండివి పుచ్చుకోరండీ. మామూలు కళ్ళే కావాలండీ ఆవిడకి. లోపలికి పదండి."

రెండు గుమ్మాలు

లోపల ఒకటే గది. ఎదురుగా గోడకి రాణీగారి ఫొటో, బాగా వెలిసిపోయింది. తెల్లచీర, మెడలో ఒక్క గొలుసు, ఎవరినో కోప్పడబోయి ఆగినట్టున్న ముఖం. ఫొటోకి ఎడమపక్క ఒక గుమ్మం, కుడిపక్క ఒక గుమ్మం. ముందు బల్ల మీద ఇసుక పోసిన పళ్ళెం.

ఇక్కడి మొక్కు ఇలా ఉంటుంది. వరసలో ముందున్న మనిషి ఇసుకలో వేలితో ఒక అక్షరం రాస్తుంది. వెనక మనిషి దాన్ని పైకి చదివి, ఇసుక సర్ది, తన అక్షరం రాస్తుంది. చదివినవాళ్ళు ఫొటోకి దణ్ణం పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు. చదవలేకపోతే పోలమ్మగారు ఒకే ఒక ప్రశ్న వేస్తుంది: "చదువా, చూపా?" చదువు రాకపోతే ఎడమ గుమ్మం, చూపు ఆనకపోతే కుడి గుమ్మం. జవాబు పైకి చెప్పాలి. మా ముందున్న ఒక పడుచుపిల్ల ఏమాత్రం మొహమాటం లేకుండా "చదువేనండీ" అంది. ఎడమ గుమ్మంలోంచి అవతలి వసారాలోకి పంపించి, పలకా బలపం చేతికిచ్చి, ఓ మూల కూర్చోబెట్టి దిద్దిస్తున్నారు. కొన్నేళ్ళ కిందట వచ్చి ఉంటే నా చోటు అక్కడే.

వరస కదులుతుంటే అక్క నన్ను తన ముందుకి తోసింది. చెవిలో అంది: "నువ్వు శ్రీ రాయి. శుభం."

"శ్రీ యే రాయాలా అక్కా?"

"పెద్దదాన్ని చెబుతున్నాను. శ్రీ యే రాయి."

ఏం రాస్తానో ముందే తెలిస్తే చూడకుండానే చదివేయవచ్చు. ఎంత తెలివి. రాణీగారి కళ్ళు కూడా కప్పేసి, మొక్కు తీరిందని ఇంటికి పోయి, మిగిలిన వెలుగు కూడా పోయేదాకా నిన్నటి పేపర్లు చదువుకుంటూ కూర్చుంటుంది. నా వంతు వచ్చింది. నా ముందావిడ అక్షరం చదివి, ఇసుక నున్నగా సర్దాను. వేలు ఇసుకకి జానెడు పైన పెట్టి, గాలిలో శ్రీ ఎంతో శ్రద్ధగా తిప్పి పక్కకి తప్పుకున్నాను. ఇసుక మీద ఒక్క గీత పడలేదు.

అక్క ముందుకొచ్చింది. పళ్ళెం మీదికి వంగింది. తీరిగ్గా చూసింది.

"శ్రీ" అంది. వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు, "ఇప్పుడిప్పుడే నేర్చుకుంది లెండి. చెయ్యి వణికింది, తోక వంకరపోయింది" అని కూడా చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. అదే కష్టంగా అనిపించింది నాకు. పోలమ్మగారు మెల్లిగా, "అమ్మా, ఇసుక నున్నగానే ఉందండీ" అంది.

అక్క చెయ్యి చాపింది. అరచెయ్యి ఇసుక మీద ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుకి నెమ్మదిగా జరిపింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. నాకేసి తిరిగింది గానీ నేను నిలబడ్డ చోటికి కాదు, కొంచెం పక్కకి చూసింది.

"చదువా అండీ, చూపా?" అంది పోలమ్మగారు, అందరినీ అడిగినట్టే.

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, మా ఇంటిల్లిపాదికీ కళ్ళూ నోరూ అయిన మనిషి, బలపం పట్టుకుని మూల కూర్చోవాలి. లేదా ఆ రెండో మాట అనాలి. రెండేళ్ళుగా మా బావగారితో కూడా అనని మాట అది.

"నాకు చదువు రాకపోవడమేంటండీ" అంది చివరికి. "చూపే. చూపే లేదు."

పోలమ్మగారు చెయ్యి పట్టుకుని కుడి గుమ్మం దాటించింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆ గుమ్మం అవతల గది లేదు. నాలుగు మెట్లు, మెట్ల కింద రేవు, ఒక పడవ.

"ఇక్కడ డాక్టరుగారి గది ఉండేదటండీ. రాణీగారే కట్టించారు. పట్నం నుంచి గురువారం గురువారం వచ్చేవారట. ఎడంపక్క బడి, కుడిపక్క మందులు. రాణీగారే బల్ల దగ్గర కూర్చుని, చదువా చూపా అని అడిగి పంపించేవారట. ఆవిడ పోయాక జమీ పోయింది, పంతులుగారు వెళ్ళిపోయారు, డాక్టరుగారు వెళ్ళిపోయారు. గాలివానకి ఆ గది కూడా పోయింది. మా ముత్తవ్వ ఇక్కడ నీళ్ళు కాచే మనిషండీ. ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? తనకి తెలిసింది తను చేస్తూ కూర్చుంది. మెల్లిగా జనం దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు" అంది పోలమ్మగారు.

మేము మెట్టు మీద కూర్చున్నాం. అక్క నా వైపు చూడలేదు.

"ఇంక ఇంటికి పోవచ్చా అండీ?" అని అడిగింది పోలమ్మగారిని.

"కుడి గుమ్మం దిగినవాళ్ళు వైద్యుడి గడప తొక్కకుండా సొంత గడప తొక్కకూడదండీ. అదీ పద్ధతి."

అక్క ఆలోచించింది. "పెరటి గుమ్మంలోంచి వెళ్తే?"

పోలమ్మగారు చెవి మీది చుట్ట తీసి వెలిగించుకుంది. "రాణీగారు జమీ నడిపారండీ. పెరటి గుమ్మాల సంగతి ఆవిడకి తెలీదా?"

మళ్ళీ ఆకివీడు

పడవ దిగి మళ్ళీ ఆటో ఎక్కాం. ఆకివీడు వీధిలోకి రాగానే అక్క ఒక్కసారి నిటారుగా కూర్చుంది.

"ఆపు బాబూ. అదిగో డాక్టరు."

వీధివార కొట్లో తెల్లకోటు వేసుకున్న మనిషి కనబడుతున్నాడు. మందుల వాసన కూడా వస్తోంది. పైన బోర్డు ఉంది: రొయ్యలు, చేపలు, చెరువు నీటి పరీక్షలు.

"గడపే కదా తొక్కమన్నారు. కత్తి పెట్టించుకోమనలేదుగా" అంది అక్క. "డాక్టరేనా?"

"డాక్టరు లాగే ఉన్నాడక్కా."

అక్క కుడికాలు ముందు పెట్టి గడప తొక్కి, కుర్చీలో కూర్చుంది. ఆ కుర్రాయన సీసా ఒకటి ఎత్తి చూస్తూ, తల తిప్పకుండా అడిగాడు.

"చెప్పండమ్మా. ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయిందండీ."

"రెండేళ్ళా? ఇంకా బతికున్నాయా అండీ?"

"ఎడమది పరవాలేదండీ. కుడివైపుదే."

"కుడివైపు మచ్చ కనిపిస్తోందా? తెల్లగా?"

"తెల్లగా ఉందనే అంటున్నారండీ అందరూ."

ఆయన సీసా దించాడు. జాలిగా చూశాడు. "అయితే మందుల మీద డబ్బు పోసుకోకండమ్మా. ఈ రాత్రికే పట్టేయించి, ఖాళీ చేయించి, సున్నం కొట్టించేయండి."

అక్క రెండు చేతులతో కుడికన్ను కప్పుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తాను. కొట్టు ముందు కూలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, వెనకే వచ్చిన అక్కకి బోర్డు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పక్కనే అరుగు మీద కూర్చుంది. లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి.

"అక్కడేమో రాయని అక్షరం చదివాను. ఇక్కడేమో రొయ్యల వాడికి కన్ను చూపించాను" అంది. మళ్ళీ తనే, "మా అమ్మ కూడా ఇలాగే తడుముకునేదే చిట్టీ, ఆఖర్న" అంది.

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

బస్టాండుకి నడిచాం. బస్సులు వరసగా ఉన్నాయి. అక్క ఈసారి వాటికేసి తిరగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఏలూరు బస్సు ఏదో చూడు" అంది. ఆ మాట నన్ను అడగడం అదే మొదలు.

ఏలూరు

కైకలూరు నుంచి ఏలూరు దాకా రోడ్డు కొల్లేటి మధ్యలోంచే పోతుంది. పొద్దు వాలుతుంటే నీళ్ళు రాగిచెంబులా మెరిశాయి. నేను వర్ణించి చెబుతుంటే అక్క, "తరవాత నేనే చూసుకుంటాలే, ఊరుకో" అంది.

కంటి ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి, ఆలస్యం చేశారని కోప్పడ్డారు. శుక్లం రాయిలా గట్టిపడిందట. మామూలుకంటే ఎక్కువసేపు పడుతుందన్నారు. చూపు ఎంత వస్తుందో తీసి చూస్తేగానీ చెప్పలేమన్నారు. అక్క అన్నీ విని, వాళ్ళ అమ్మ సంగతి అప్పటి కత్తితో సహా చెప్పింది. ఆయన ఓపిగ్గా వినడం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆ రాత్రి అక్కడే ఉంచారు. ఆవరణ పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నాను. ఏలూరు బజ్జీలో వాము పెట్టి కూరుతారు, మా వైపు ఉత్త మిరపకాయే. అక్కకి పెట్టకూడదన్నారు కాబట్టి ఆవిడ ముందే కూర్చుని తిన్నాను.

మర్నాడు లోపలికి తీసుకెళ్ళే ముందు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పోతే?"

"పోతే జీవితాంతం నేను చదివి పెడతానక్కా."

"నువ్వు చదివితే విన్నాక చెవులు కూడా పోతాయి" అంది, కానీ చెయ్యి వదల్లేదు. నర్సమ్మే విడిపించింది.

బయట బల్ల మీద కూర్చున్నాను. నా ఎదురుగా గోడనిండా రాతలే. చదవబోయాను. ఒక్క అక్షరం లోపలికి వెళ్ళలేదు. పంచాయతీ వరండాకి ముందు రోజుల్లో ఉన్నట్టే ఉన్నాయవి, చీమలబారుల్లా. గాలిలో వేలు తిప్పింది నేను. ఆ రేవులోకి దింపింది నేను. ఆ కన్ను తెరుచుకోకపోతే ఈ ఊరికి ఆవిణ్ణి తెచ్చింది నేనే అవుతాను. ఆ తలుపు తెరిచేదాకా రాణీగారికి ఎన్ని దణ్ణాలు పెట్టానో ఆవిడకే తెలియాలి.

తరవాతిరోజు పొద్దున్న కట్టు విప్పారు. అక్క నీళ్ళు కారుతున్న కన్ను చిట్లించి గది నాలుగువైపులా చూసింది. గోడ మీది అక్షరాల పట్టీ చూపించి చదవమంటే, పైవరసలు చదివి, కిందివరస సగానికి ఆగింది. డాక్టరుగారు చాలన్నారు. అక్కకి చాల్లేదు. నర్సమ్మ జేబు మీద పేరు చదివింది. తలుపు మీది హెచ్చరిక చదివింది. చుక్కల మందు సీసా అందుకుని, దాని మీద ఉన్నదంతా పైకి చదువుకుంటూ పోయింది. ఆసుపత్రి గేటు దాటాక దారిలో లారీల వెనక రాతలు చదవడం మొదలెట్టింది. జంగారెడ్డిగూడెం దాకా ఆపలేదు.

ఇల్లు

ముందు గుమ్మంలోంచే వెళ్ళాం.

చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగుకి అక్క ప్రయాణం కథ చెబుతుంది. పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. "మా చిట్టి నిలబడి నిలబడి ఒక్క గీత గీయలేకపోయింది పాపం. అంతమందిలో పరువు పోతుందని నేనే శ్రీ అని చదివేశాను" అంటుంది. రొయ్యల డాక్టరు దగ్గరికి వెళ్ళింది కూడా నేనేనట.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకి కష్టపడి సంపాదించుకున్న నాలుగు అక్షరాలు ఆవిడ ఒక్క మాటతో ఊడ్చేసింది. ఎదురింటి వరలక్ష్మిగారు నా వైపు తిరిగి, "అంతేనా అండీ?" అని అడిగింది. అందరూ నాకేసే చూశారు. అక్క మాత్రం చీరకొంగు సర్దుకుంటూ, కిటికీలోంచి ఎటో చూస్తోంది. కొత్త కన్ను ఎర్రగా, తడిగా ఉంది.

"అవునండీ" అన్నాను. "చెయ్యి వణికింది."

వాళ్ళు వెళ్ళాక చుక్కల వేళైంది. నెలరోజులు నాలుగుపూటలా నేనే వేయాలి. అక్క వెల్లకిలా పడుకుంది. కింది రెప్ప లాగి చుక్క వేశాను. కన్ను మూసుకుని అలాగే ఉండమన్నారు, మాట్లాడకూడదన్నారు.

ఆవిడ మూసుకున్న కళ్ళతోనే అంది: "అబద్ధమని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావే?"

"కదలకండక్కా" అన్నాను. "చుక్క బయటికి పోతుంది."